ఢిల్లీ లేఖ: రెల్లునూ చెరకునూ కలిపిన మనిషి

పార్లమెంటులో ఇథనాల్ ప్రస్తావన వచ్చినప్పుడల్లా విదేశీ మారకం, చమురు దిగుమతి, మిల్లుల బకాయిలు చర్చకు వస్తాయి. చెరకుగడ మాత్రం ఎవరికీ గుర్తు రాదు. 2023 డిసెంబరులో చక్కెరకు కొరత వస్తుందన్న భయంతో చెరకు రసాన్ని ఇథనాల్‌కు మళ్ళించడంపై ప్రభుత్వం ఆంక్షలు విధించింది. 2024లో వాటిని ఎత్తివేసింది. 2025లో పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలిపే లక్ష్యాన్ని దేశం అందుకొన్నది. ప్రభుత్వ విధానం ఏడాదిలో మారిపోవచ్చు. కొత్త రకం చెరకు రైతు పొలానికి చేరడానికి పదేళ్ళకు పైగా పడుతుంది. ప్రెస్ గ్యాలరీలో కూర్చొని ఈ చర్చలు వింటున్నప్పుడు నాకు సర్ టి.ఎస్. వెంకటరామన్ గుర్తుకు వస్తారు.

ఆయన కథకు నాంది కూడా చట్టసభలోనే జరిగింది. జావా చక్కెర మన బజారును ముంచెత్తుతున్న రోజులవి. 1911లో ఇంపీరియల్ శాసనమండలిలో పండిత మదన మోహన మాలవీయ ఈ సమస్యను లేవనెత్తారు. మరుసటి ఏడాది కోయంబత్తూరులో చెరకు ప్రజనన కేంద్రం వెలిసింది. చెరకు పండేది అధికంగా ఉత్తరాదిన. కేంద్రం పెట్టింది దక్షిణాదిన. కారణం లేకపోలేదు. రైతు ముచ్చెలు నాటి చెరకు పెంచుతాడు గాని, కొత్త రకం పుట్టాలంటే పూత, విత్తనం కావాలి. కోయంబత్తూరు వాతావరణంలో చెరకు చక్కగా పూస్తుంది.

కేంద్రానికి అధిపతి బార్బర్ అనే ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు. 1884లో జన్మించిన వెంకటరామన్ ఆయనకు సహాయకుడు. ఉత్తరాది చెరకు సన్నని గడ. చలికి ఓర్చేది గాని, దిగుబడి తక్కువ. దక్షిణాది లావు చెరకు రసవంతమైనదే గాని, ఆ చలికి నిలువదు. మన ఏటిగట్లపై శరత్కాలంలో తెల్లగా పూచే రెల్లుగడ్డి చెరకుకు దాయాది. తీపి లేకపోయినా దానికున్న మొండితనం అపారం. ఆ రెల్లును వెల్లై అనే లావు చెరకుతో సంకరం చేయగా పుట్టినదే కో 205. 1918లో అది పంజాబు రైతుల చేతికి వచ్చింది. కో అంటే కోయంబత్తూరే.

1919లో బార్బర్ పదవీ విరమణ చేయగా ఆ స్థానం వెంకటరామన్‌కు దక్కింది. 1942 దాకా ఆయన నెలకొల్పిన ఒరవడి ఒకటే. రెల్లు నుంచి ఓర్పును తీసుకోవాలి. మళ్ళీ మళ్ళీ మేలుజాతి చెరకుతో కలిపి తీపిని నిలుపుకోవాలి. కో 312 వంటివి ఉత్తరాదిని, కో 419 దక్షిణాదిని ఏలాయి. 1932లో చక్కెర పరిశ్రమకు సుంకాల రక్షణ లభించగా, ముప్పైకి అటూఇటూగా ఉన్న మిల్లులు కొద్ది ఏళ్ళలోనే వంద దాటాయి. రక్షణ ఇచ్చింది చట్టమే. మిల్లుకు మేత పెట్టింది మాత్రం ఈ కొత్త చెరకులు. త్వరగా పక్వమయ్యే పంట కోసం ఆయన చెరకును జొన్నతో కూడా సంకరం చేసి చూశారు.

1937లో హైదరాబాదులో జరిగిన భారత సైన్సు కాంగ్రెసుకు ఆయనే అధ్యక్షులు. అధ్యక్షోపన్యాసానికి ఎంచుకొన్న విషయం చెరకు కాదు, భారత గ్రామం. ఆయన దృష్టి ప్రయోగశాల గోడల వద్ద ఆగలేదనడానికి ఇంతకంటే నిదర్శనం అక్కరలేదు. స్వతంత్ర భారతం 1956లో పద్మభూషణ్‌తో సత్కరించింది. 1963లో కన్నుమూశారు.

ఇప్పుడు చక్కెరకూ ఇథనాల్‌కూ ఒకే గడ పనికిరావాలని అడుగుతున్నారు. ఇంధనం కోసం అధిక పీచు, అధిక బరువు గల చెరకును పెంచదలచిన శాస్త్రజ్ఞులు తిరిగి రెల్లు దగ్గరకే వెళుతున్నారు. రెల్లు పాలు పెరిగితే పీచు పెరుగుతుంది, తీపి తగ్గుతుంది. ఆ తూకం ఎక్కడ నిలపాలన్నదే వెంకటరామన్ జీవితమంతా తేల్చుకొన్న ప్రశ్న.

మరొక హెచ్చరిక కూడా ఉన్నది. 2009లో విడుదలైన కో 0238 రకం ఉత్తరప్రదేశ్ చెరకు విస్తీర్ణంలో అత్యధిక భాగాన్ని ఆక్రమించింది. దిగుబడి, చక్కెర పాలు రెండూ పెంచి రైతుకు మేలు చేసింది. తరువాత ఎర్రకుళ్ళు తెగులు సోకి పొలాలకు పొలాలే దెబ్బతిన్నాయి. ఒకే రకాన్ని నమ్ముకొన్న ఫలితమది. నేను చదివింది ఆంగ్ల సాహిత్యం. వృక్షశాస్త్రంలో నా పరిజ్ఞానం స్వల్పం. అయినా ఈ జీవితం నుంచి నాకు బోధపడింది ఒక్కటి. లక్ష్యాలను ఢిల్లీలో ఒక్క ప్రకటనతో నిర్ణయించవచ్చు. వాటిని మోసే చెరకును మాత్రం ప్రకటనతో మొలిపించలేము.