డాలస్ సభకు వచ్చిన ఓపెన్‌హైమర్

ఓపెన్‌హైమర్ అనగానే అణుబాంబే గుర్తొస్తుంది. కానీ కృష్ణబిలాల కథలోనూ ఆయనకు పెద్ద చోటుంది. అందులో ఒక ఘట్టం ప్లేనోలోని మన తెలుగువారి ఇళ్లకు దగ్గర్లో, డాలస్ డౌన్‌టౌన్‌లోనే జరిగింది.

రాబర్ట్ ఓపెన్‌హైమర్ 1904 ఏప్రిల్ 22న న్యూయార్క్‌లో పుట్టారు. హార్వర్డ్‌లో చదివి, 1927లో జర్మనీలోని గోటింగెన్‌లో డాక్టరేట్ అందుకున్నారు. బర్కిలీలో పాఠాలు చెబుతూ సంస్కృతం నేర్చుకుని భగవద్గీతను మూలంలోనే చదివారు.

ఇంధనం అయిపోయిన భారీ నక్షత్రం తన బరువుకు తానే కుంగిపోయి, వెలుగు కూడా బయటపడలేని స్థితికి చేరుతుందని 1939లో శిష్యుడు హార్ట్‌లాండ్ స్నైడర్‌తో కలిసి లెక్కగట్టారు. ఆ ఐదు పేజీల వ్యాసం వెలువడిన సెప్టెంబర్ 1నే రెండో ప్రపంచయుద్ధం మొదలైంది. ఆ తర్వాత ఆయన జీవితం లాస్ అలమోస్ వైపు మళ్లింది. బాంబు తెచ్చిన కీర్తి వెంటే 1954లో భద్రతా అనుమతి రద్దయిన అవమానమూ వచ్చింది.

1963లో 3సి 273 అనే క్వేసార్ శాస్త్రవేత్తలను ఆశ్చర్యపరిచింది. అది 200 కోట్ల కాంతి సంవత్సరాలకు పైగా దూరంలో ఉన్నా అంత ప్రకాశం, దాని పక్కనే సన్నటి వెలుగు ధార. అంత శక్తి ఎక్కడిది? ఇది తేల్చడానికే ఆ డిసెంబర్‌లో డాలస్‌లో సభ పెట్టారు. కెనెడీ హత్య జరిగి అప్పటికి నెల కూడా కాలేదు. సభ నిర్వాహకుల పరిశోధనా కేంద్రమే 1969లో రిచర్డ్‌సన్‌లోని యూటీ డాలస్‌గా మారింది.

తిరిగే కృష్ణబిలానికి సమీకరణం సాధించిన రాయ్ కెర్ అక్కడ మాట్లాడితే విన్నవారు కొద్దిమందే. కుంగిపోయే నక్షత్రాల గురించి జాన్ వీలర్ ప్రసంగిస్తుంటే, ఓపెన్‌హైమర్ హాలు బయట బల్ల మీద కూర్చుని వేరే కబుర్లలో ఉన్నారు.

ఆ వెలుగు ధారకు ఒక జవాబు కెర్ చెప్పిన భ్రమణంలో దొరికింది. చుట్టూ ఉన్న అయస్కాంత క్షేత్రం ఆ భ్రమణ శక్తిని బయటికి లాగగలదని 1977లో బ్లాండ్‌ఫర్డ్, జ్నాయెక్ చూపించారు. జెట్‌లో కాంతివేగానికి చేరువగా పోయే ఎలక్ట్రాన్లు ఆ క్షేత్రరేఖల చుట్టూ సుడి తిరుగుతూ రేడియో తరంగాల నుంచి ఎక్స్‌రేల దాకా వెలువరిస్తాయి. ఏ తరంగం ఎంత వస్తోందో కొలిచి, క్షేత్రబలం, ఎలక్ట్రాన్ల శక్తి ఎంతో కంప్యూటర్ నమూనాలతో అంచనా వేస్తున్నారు.

ఓపెన్‌హైమర్ ఇదేదీ చూడలేదు. 1967 ఫిబ్రవరి 18న ప్రిన్స్‌టన్‌లో కన్నుమూశారు. 1954 నాటి నిర్ణయాన్ని అమెరికా ప్రభుత్వం 2022లో రద్దు చేసింది. ఆయన మళ్లీ తిరగేయని ఆ ఐదు పేజీలు మాత్రం ఇవాళ్టి కృష్ణబిలాల పరిశోధనకు తొలి మెట్టుగా నిలిచాయి.