ఇసుక మీద ఆనకట్ట కట్టిన విశ్వాసి – కాటన్ దొర



మా హాస్టల్లో పోయిన ఏడాది కాటన్ దొర జయంతి గురించి మాట్లాడుకుంటున్నాం. తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె లేచి ఒక ప్రశ్న అడిగింది. కోనసీమకు నీళ్ళిచ్చాడు సరే, మన కొండల్లో ఉన్నవాళ్ళకు ఆయన ఏమిచ్చాడని. వెంటనే జవాబు చెప్పలేకపోయాను. నేను పుట్టింది కూనవరం వైపు. గోదావరి మా గడప ముందు నుంచే పోతుంది, మా చేలకు మాత్రం ఎక్కదు. ఆ పిల్ల అడిగినదానికి తెలిసినంత చెప్పాలనే ఈ వ్యాసం రాస్తున్నాను.

ఆర్థర్ కాటన్ 1803 మే 15న ఇంగ్లండులో పుట్టారు. పదకొండుమంది అన్నదమ్ముల్లో ఆయన పదోవాడు. పదిహేనేళ్ళకే సైనిక పాఠశాలలో చేరి, 1821లో మద్రాసు వచ్చారు. బర్మా యుద్ధానికి వెళ్ళివచ్చారు. ఇరవైల వయసులోనే క్రీస్తును మనసారా నమ్ముకున్నారు. అప్పటినుంచి తొంభై ఆరేళ్ళకు కన్నుమూసేదాకా ఆ నమ్మకం వదల్లేదు. అలాగని ఆయన బతుకు నల్లేరు మీద బండి నడక కాదు.

మొదటి పెద్ద పని కావేరి మీద. అక్కడ ఇసుకలో పునాది ఎలా నిలుస్తుందన్నది చిక్కు. చోళుల కాలపు కల్లణై ఆనకట్టను పరిశీలించి, ఇసుకలో పునాది వేసే పద్ధతి ఈ దేశస్థుల దగ్గరే నేర్చుకున్నానని ఆయన దాచుకోకుండా ఒప్పుకున్నారు. తెల్లదొరలు అంత తేలిగ్గా ఒప్పుకునే కాలం కాదది. ఇసుక మీద ఇల్లు కట్టినవాడి కథ మనం ఆదివారం బడిలో విన్నదే. దాన్ని బాగా ఎరిగిన మనిషి ఇసుక మీదే కట్టి నిలబెట్టారంటే నాకెప్పుడూ నవ్వూ వస్తుంది, ఆశ్చర్యమూ వేస్తుంది. 1836 నాటికి కొల్లిడం మీద ఆనకట్ట లేచింది. ఆయన ఆరోగ్యం మాత్రం కూలింది. మళ్ళీ మళ్ళీ జబ్బు, మళ్ళీ మళ్ళీ సెలవు. ఆ సెలవుల్లోనే 1841లో టాస్మేనియాలో ఎలిజబెత్ లెర్మంత్‌ను పెళ్ళాడారు.

ఇక గోదావరి. ఆనాటి గోదావరి జిల్లాను ఈనాటి పచ్చటి కోనసీమను చూసి ఊహించుకోవద్దు. 1833 ప్రాంతంలో కరువు. 1839లో కోరంగి దగ్గర తుఫాను, ఉప్పెన. ఏటా ఏరు నిండుగా పోయి సముద్రంలో కలిసేది, గట్టున జనం గంజికి లేక చచ్చేవారు. 1821లో సుమారు 7,38,000 ఉన్న జిల్లా జనాభా 1841కి 5,61,000కు పడిపోయింది. పిల్లలకు ఈ లెక్క చెప్పి తీసివేత చేయించాను. వచ్చిన సంఖ్య చూసి గది నిశ్శబ్దమైపోయింది.

కాటన్ కొలతలు తీసి నివేదిక రాశారు. 1846 చివర్లో అనుమతి వచ్చింది, 1847లో ధవళేశ్వరం దగ్గర పని మొదలైంది. ఆయన ఆరుగురు ఇంజనీరు అధికార్లను అడిగితే, పంపింది ఇంకా పని నేర్పాల్సిన ఒక కుర్రవాణ్ణి, ఇద్దరు సర్వేయర్లను. అయినా ధవళేశ్వరం కొండ రాయిని తవ్వించి, పట్టాల మీద ఏటి ఒడ్డుకు దొర్లించి, వేలమంది కూలీలతో ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు ముక్కలుగా ఆనకట్ట లేపారు. రాయి మోసిన ఆ వేలమంది పేర్లు ఎక్కడా లేవు. ఈ మాట చెప్పకుండా కాటన్ కథ చెప్పడం నాకు ఇష్టం ఉండదు.

పని సగంలో ఉండగా 1848లో ఎండదెబ్బకు ఆయన మంచాన పడ్డారు. పని కెప్టెన్ ఓర్‌కు అప్పగించి ఆస్ట్రేలియా వెళ్ళిపోవలసి వచ్చింది. రెండేళ్ళు! ఒక్కసారి ఆయన స్థానంలో మిమ్మల్ని ఊహించుకోండి. ఎన్నో ఏళ్ళ కల, ఏట్లో సగం లేచిన గోడ, వరదొస్తే ఏమవుతుందో తెలియదు. ఉత్తరం చేరడానికే నెలలు పట్టే కాలం. దేవుని మీద భారం వేయడమంటే ఏమిటో నాకు ఈ ఘట్టంలోనే అర్థమవుతుంది. చేతులు ముడుచుకుని కూర్చోవడం కాదది. తన చేతిలో ఉన్నంతా చేసి, చేతిలోంచి జారిన దాన్ని ఆయనకు వదలడం. చదువు మధ్యలో జ్వరం తగిలి ఇంటికి పోయి, మళ్ళీ రాలేనేమోనని ఏడ్చిన పిల్లలు మా హాస్టల్లో ఎంతమందో. వాళ్ళకు నేను ఈ రెండేళ్ళ సంగతి చెబుతాను. 1850లో ఆయన తిరిగి వచ్చారు. 1852 మార్చికి ఆనకట్ట పూర్తయింది.

అదే ఏడాది గన్నవరం దగ్గర వైనతేయ పాయ మీద అక్విడక్టు లేచింది, 49 కమానులతో. అవతలి నగరం లంకకు కాలువ నీరు దాటింది దాని మీదుగానే. దాదాపు నూట యాభై ఏళ్ళు పనిచేసింది. ఇప్పుడు పక్కనున్న కొత్తదానికి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. అడిగినవారికల్లా అన్నం పెట్టిన ఆ తల్లి పేరు నీళ్ళ వంతెనకు భలే కుదిరింది. పాత అక్విడక్టును నాలుగు నెలల్లో కట్టించింది కాటన్ కింద పనిచేసిన హెయిగ్ అనే యువ అధికారి. ఈ పేరు గుర్తుపెట్టుకోండి.

కాటన్ కల ధవళేశ్వరంతో ఆగలేదు. పడవలు గోదావరి మీదుగా మధ్య భారతం దాకా పోవాలని ఆయన ఆశ. అందుకోసం ఎగువన మన సీమలో దుమ్ముగూడెం దగ్గర పని మొదలైంది, హెయిగ్ అక్కడికి వచ్చారు. కోయ గూడేలు చూశారు. అక్షరం లేదు, వైద్యం లేదు, పలకరించే నాథుడు లేడు. ఆయన పూనికతో 1860 ప్రాంతంలో చర్చి మిషనరీ సొసైటీ దుమ్ముగూడెంలో కోయల మధ్య పని మొదలుపెట్టింది. ఆయన కింద ఉద్యోగం చేస్తూ క్రీస్తును నమ్ముకున్న వెంకటరామరాజుగారు కొలువు వదిలి ఆ పనికే నిలిచిపోయారు, తరువాత పాదిరి అయ్యారు.

పడవల దారి మాత్రం పూర్తి కాలేదు. ఖర్చు ఎక్కువవుతోందని 1871లో ప్రభుత్వం పనులు ఆపేసింది. కాటన్‌కు ఇది పెద్ద దెబ్బ. 1861లోనే సర్ బిరుదు పొందిన మనిషిని 1878లో పార్లమెంటు సంఘం ముందు నిలబెట్టి, డబ్బు వృథా చేయించే సలహాలిస్తున్నాడన్నట్టు ప్రశ్నించారు. దక్షిణాదిన కరువుకు లక్షలమంది పోయిన రోజులవి. డెబ్బై అయిదేళ్ళ వయసులో ఆయన ఓపిగ్గా లెక్కలు చెప్పారు, రైళ్ళకన్నా కాలువలు ముందన్నారు. వాళ్ళు వినలేదు. ఆయన కోపం పెట్టుకుని మూలన కూర్చోలేదు. ముసలితనంలో కూడా లోతు దుక్కితో పంట పెంచే ప్రయోగాలు చేస్తూ, 1899 జూలై 24న కన్నుమూశారు.

ప్రార్థించినవన్నీ జరగలేదు ఆయనకు. మనకూ అంతే. మనలో కొందరి ఊళ్ళు నీళ్ళ కిందికి పోతున్న ఈ రోజుల్లో, ఏటికి కట్టిన కట్టను పొగుడుతూ రాయడం నాకు తేలిక కాలేదు. ఆ కట్టతో కోనసీమ కడుపు నిండింది, అది నిజం. పై గట్టున మన చేలు ఎండాయి, అదీ నిజం. కోనసీమలో స్నాన సంకల్పంలో ఆయన పేరు చెప్పే పురోహితులున్నారు. మా ఇళ్ళల్లో పెద్దవాళ్ళకు ఆ పేరు తెలియదు. కానీ దుమ్ముగూడెం పాదిరి పెట్టిన బడి గురించి మా తాతకు వాళ్ళ నాన్న చెప్పేవాడట.

ఆ తొమ్మిదో తరగతి పిల్లకు ఇదంతా చెప్పాను. కాసేపు ఆలోచించి, అయితే నీళ్ళు కిందికి, అక్షరం పైకి వచ్చాయన్నమాట అంది. ఈ సంక్రాంతి సెలవులకు ఇంటికి పోయేటప్పుడు ధవళేశ్వరంలో దిగి కాటన్ మ్యూజియం చూపించమని అడిగింది. వాళ్ళ నాన్నకు ఫోన్ చేసి చెప్పాను. ఒక్క పూట ఆలస్యంగా పంపిస్తానని.