ఒకే బడిలో చదివిన ఇద్దరు - గిడుగు రామమూర్తి పంతులు గారి జీవితం



ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని కార్యదర్శి గారు అడిగినప్పుడు నాకు మొదట నాయుడుపేటలో మా హైస్కూలు రోజులు గుర్తుకొచ్చాయి. సాయంత్రం స్వర్ణముఖి ఇసుకలో ముగ్గురం స్నేహితులం కూర్చునేవాళ్లం. ముగ్గురికీ కలిపి ఒకటే పాత ఇంగ్లండు చరిత్ర పుస్తకం. ఒకడు సంవత్సరం చెబితే ఇంకొకడు రాజు పేరు చెప్పాలి. చరిత్రా వచ్చేది, ఇంగ్లీషూ వచ్చేది. ఆ చదువుతోనే నాకు గుమాస్తా ఉద్యోగం దొరికింది. అంతకు మించి దానితో నేనేమీ చేయలేదు. చేసిన మహానుభావుడి సంగతి చెబుతాను.

గిడుగు వెంకట రామమూర్తి గారు 1863 ఆగస్టు 29న శ్రీకాకుళం ప్రాంతంలోని పర్వతాలపేటలో పుట్టారు. తండ్రి వీర్రాజు గారు రెవెన్యూ ఉద్యోగి. పన్నెండేళ్ల వయసులో తండ్రి పోయారు. బంధువుల ఆసరాతో విజయనగరం మహారాజా వారి ఇంగ్లీషు బడిలో చదువుకున్నారు. అక్కడ ఆయనకు సహాధ్యాయి గురజాడ అప్పారావు గారు. అప్పారావు గారు ఒక ఏడాది పెద్ద. ఆ బడిలో పడ్డ ఇంగ్లీషు పునాది ఇద్దరికీ జీవితాంతం నిలిచింది. అప్పారావు గారు ఇరవై ఏళ్లు దాటగానే సారంగధర కథను ఇంగ్లీషు కావ్యంగా రాశారు. రామమూర్తి గారు 1879లో మెట్రిక్ పాసై, మరుసటి ఏడు పర్లాకిమిడి రాజా వారి బడిలో ఉపాధ్యాయుడిగా చేరారు. ఉద్యోగం చేస్తూనే ప్రైవేటుగా చదివి ఎఫ్.ఏ., ఆపైన చరిత్ర ముఖ్య విషయంగా బి.ఏ. పూర్తి చేశారు. దగ్గర్లోని ముఖలింగం గుడి శాసనాల మీద లిపులు సొంతంగా నేర్చుకున్నారు.

పర్లాకిమిడి చుట్టుపక్కల కొండల్లో సవరలు ఉండేవారు. వారి భాషకు లిపి లేదు, పుస్తకం లేదు. తెలుగు వచ్చిన ఒక సవర కుర్రవాణ్ణి ఇంట్లో పెట్టుకుని పంతులు గారు ఆ భాష నేర్చుకున్నారు. సవర పిల్లల కోసం సొంత డబ్బుతో బడులు పెట్టారు. వాచకాలు రాసినందుకు ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే, ఆ డబ్బు సవరల చదువుకే ఖర్చు పెట్టమన్నారు. కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకున్నారు. దానికి మింగిన క్వినైను వల్ల వినికిడి దెబ్బతింది. నలుగురి మాట కోసం పోరాడిన మనిషికి ఆ నలుగురి మాట సరిగా వినపడకుండా పోవడం ఎంత బాధాకరం!

1907 ప్రాంతంలో బడుల తనిఖీ అధికారి యేట్సు దొరకు ఒక సందేహం వచ్చింది. జనం మాట్లాడే తెలుగు ఒకటి, పిల్లలకు పుస్తకాల్లో నేర్పే తెలుగు ఇంకొకటి ఎందుకని. విశాఖపట్నం కళాశాల ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారు, గురజాడ, గిడుగు దీన్ని పట్టించుకున్నారు. పాత సహాధ్యాయులిద్దరూ మళ్లీ ఒకే పనిలో కలిశారు. ఇంగ్లీషు కూడా శతాబ్దాల్లో మారుతూ వచ్చిన భాషే. ఈనాటి ఇంగ్లీషువాడు చాసరు కాలం నాటి భాషలో ఉత్తరం రాయడు. మరి మనమెందుకు నన్నయ నాటి రూపాల్లో వ్యాసం రాయాలన్నదే వారి వాదన సారం. పండితులు ఒప్పుకోలేదు. మన నెల్లూరులో ఆడిన ప్రతాపరుద్రీయంలో చాకలి పేరిగాడి చేత జీవభాష పలికించిన వేదం వెంకటరాయశాస్త్రి గారు సైతం వచనంలో దాన్ని ఒప్పుకోలేదు. అప్పారావు గారు 1914లో విశ్వవిద్యాలయానికి అసమ్మతి పత్రం సమర్పించారు. అయినా పండితుల మాటే నెగ్గింది. 1915 నవంబరు 30న ఆయన కన్నుమూశారు.

పంతులు గారు అప్పటికి పెన్షనరు. ముప్ఫై ఏళ్ల ఉద్యోగం చేసి 1911లో రిటైరయ్యారు. స్నేహితుడు పోయాడు, చెవులు వినపడవు, ఓటమి ఎదురుగా ఉంది. అయినా ఇంట్లో కూర్చోలేదు. 1919లో కందుకూరి వీరేశలింగం గారు అధ్యక్షులుగా ఏర్పడిన వ్యావహారిక భాషా సమాజానికి కార్యదర్శి అయ్యారు. అదే ఏడు తెలుగు అనే పత్రిక పెట్టారు. ఊరూరా సభల్లో పుస్తకాల మూటలు విప్పి, పూర్వుల వచనంలోనే వాడుక రూపాలున్నాయని పేజీ తీసి చూపించారు. సవర వ్యాకరణం 1931లో, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో వెలువడ్డాయి. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో కలిస్తే, అర్ధశతాబ్దానికి పైగా ఉన్న ఊరు విడిచి రాజమండ్రి చేరారు. 1940 జనవరి 22న కన్నుమూశారు. ఆయన పుట్టినరోజే మన తెలుగు భాషా దినోత్సవం.

నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. ఉద్యోగం చేసే రోజుల్లో ఒక ముసలావిడ ఫ్యామిలీ పెన్షను అర్జీకి నేను బరువైన తెలుగులో జవాబు రాసి పంపాను. అందులో ఏముందో తెలియక ఆమె రెండు బస్సులు మారి ఆఫీసుకు వచ్చింది. ఒక్క సర్టిఫికెట్టు జతపరచాలి, అంతే. ఆ మాట మామూలుగా రాసి ఉంటే ఆమెకు ప్రయాణం తప్పేది. పంతులు గారు ఎవరి కోసం పోరాడారో నాకు ఆరోజు తెలిసింది.

రిటైరయ్యాక ఇంకేముందిలే అనుకునే మనకు ఆయన చివరి ఇరవై తొమ్మిదేళ్లే సమాధానం. మనవళ్లు ఇంగ్లీషు చదువుతున్నారు, సంతోషమే. ఆ ఇద్దరు సహాధ్యాయులు ఆ చదువును ఏ పనికి ఉపయోగించారో వారికి చెప్పే బాధ్యత మనది.

సెలవు.

- ఒక విశ్రాంత గుమాస్తా, నాయుడుపేట