చంద్రకాంత కర్త దేవకీనందన ఖత్రీ

పందొమ్మిదవ శతాబ్ది తుదిభాగమున కాశీనగరమునందు ఒక అద్భుత ప్రణయకథ వెలువడెను. అంతకుమునుపు నాగరిలిపి యెరుగనివారు పెక్కుమంది ఆ కథను చదువుటకే ఆ లిపిని నేర్చుకొనిరి. ఆ కథ చంద్రకాంత. దాని కర్త దేవకీనందన ఖత్రీ. హిందీ సాహిత్యచరిత్రను వ్రాసిన పండితులు ఆయనకు ఉత్తమ సాహిత్యకారుల పంక్తిలో చోటిచ్చుటకు అంగీకరింపలేదు. పాఠకులు మాత్రము ఆయన పుస్తకములను చేతినుండి దింపలేదు. గ్రంథము విలువను నిర్ణయించునది పండితుని తూనికయా, పాఠకుని ఆదరమా అను ప్రశ్న ఆయన జీవితకాలముననే పుట్టి, ఆయన మరణానంతరమును నిలిచినది.

ఖత్రీ 1861వ సంవత్సరమున బీహారునందలి పూసాలో జన్మించెను.  ఆయన తండ్రి లాలా ఈశ్వరదాసు. వారి పూర్వులు పంజాబునుండి వచ్చి కాశీలో స్థిరపడినవారు. బాలుడు మొదట ఉర్దూ పారశీకములను, పిమ్మట కాశీలో హిందీ, సంస్కృతము, ఆంగ్లములను అభ్యసించెను. రెండు లిపులకును, రెండు సంప్రదాయములకును నడుమ పెరిగిన ఈ చదువు ఆయన రచనలకు పునాది యైనది. యౌవనమున ఆయన గయ ప్రాంతమునందలి టెకారీ సంస్థానమున కొంతకాలము వ్యాపారము నడపి, తరువాత కాశీకి తరలివచ్చెను.

కాశీ మహారాజు ఈశ్వరీప్రసాద నారాయణసింహుని ఆదరమున ఆయనకు చకియా, నౌగఢ్ అడవుల గుత్త లభించెను. పనిమీద తిరుగుచు ఆయన ఆ కొండలను, లోయలను, పాడుపడిన కోటలను తనివితీర చూచెను. కూలిన బురుజులు, చీకటి గుహలు, ఎచటికి పోవునో తెలియని సొరంగములు ఆయన మనస్సును ఆకట్టుకొనెను. అడవి గుత్త చేజారిన పిమ్మట కాశీలో కూర్చుండి, తాను చూచిన ఆ శిథిలములనే కథాస్థలములుగా మార్చెను. నౌగఢ్, విజయగఢ్, చునార్ అను పేర్లు ఆయన కల్పించినవి కావు. అవి వింధ్యపర్వత ప్రాంతమున నేటికిని ఉన్న స్థలములే.

ఆ కాలపు భాషాపరిస్థితిని తెలిసికొనినగాని ఖత్రీ సాధించిన దానిని గ్రహింపలేము. అప్పటి వాయవ్య పరగణాలలో న్యాయస్థానముల వ్యవహారము ఉర్దూలో, పారశీకలిపిలో సాగుచుండెను. ఉద్యోగము కోరువారు ఆ లిపినే నేర్చుకొనుచుండిరి. ఆధునిక హిందీకి బాట వేసిన భారతేందు హరిశ్చంద్రుడు 1885లో పరమపదించెను. తొలి హిందీ నవలగా పలువురు పేర్కొను లాలా శ్రీనివాసదాసుని పరీక్షాగురు 1882లో వెలువడినది. కాశీ నాగరీ ప్రచారిణీ సభ 1893లో స్థాపితమైనది. న్యాయస్థానములలో నాగరిలిపిని అనుమతించు ప్రభుత్వపు ఉత్తరువు 1900లో గాని రాలేదు. హిందీలో వ్రాయువారు కొందరు ఉండిరి గాని, కొని చదువువారు అరుదు. అట్టి సమయమున, 1888లో, చంద్రకాంత ప్రచురణ ఆరంభమైనది.

కథ సామాన్యమైనదే. నౌగఢ్ రాజకుమారుడు వీరేంద్రసింహుడును, విజయగఢ్ రాజకుమార్తె చంద్రకాంతయు పరస్పరానురక్తులు. విజయగఢ్ మంత్రి కుమారుడైన క్రూరసింహుడు ఆమెను, ఆమెతో పాటు రాజ్యమును కోరి, చునార్ రాజైన శివదత్తుని ఆశ్రయించును. ఇంతవరకు పాత కథలలో ఉన్నదే. పాఠకులను కట్టిపడవేసినది ఐయారుల చమత్కారము. ఐయారు అనగా వేషము మార్చుటయందును, వేగు నడపుటయందును ఆరితేరిన రాజసేవకుడు. అతని సంచిలో తెలివి తప్పించు మందు, తెలివి తెప్పించు మందు, గోడలెక్కుటకు త్రాడు మొదలగునవి ఉండును. ఐయారు మరియొక ఐయారును చంపరాదను నియమము వారికి కలదు. వీరేంద్రుని మిత్రుడు తేజసింహుడు అట్టివాడు. చంద్రకాంత చెలికత్తె చపల సైతము ఈ విద్యలో పురుషులకు తీసిపోదు. పూర్వము రాజాస్థానములలో ఇట్టి నేర్పరులుండి, రక్తపాతము లేకుండ చిక్కులు తీర్చుచుండిరనియు, హిందీలో వారిని గూర్చిన గ్రంథము లేనందున తాను పూనుకొంటిననియు ఖత్రీ తొలిపలుకులలో తెలిపెను.

రెండవ ఆకర్షణ తిలిస్ము. ధనమును దాచుటకై పూర్వులు నిర్మించిన మాయాభవనమునకు ఆ పేరు. విధి నిర్ణయించిన వీరుడు మాత్రమే దానిని ఛేదింపగలడు. శిథిలభవనములోని రాతికొంగ నోరు తెరచి మనిషిని మ్రింగును. తలుపులు తమంతట తాము మూసికొనును. ఇది భూతమా, మంత్రమా యని పాఠకుడు వణకును. ఐయారులును తిలిస్ములును పారశీక, ఉర్దూ దాస్తానులనుండి వచ్చినవే. లక్నోలోని నవలకిశోర్ ముద్రణాలయము 1883 నుండి ప్రకటించిన తిలిస్మ్-ఎ-హోష్‌రుబా సంపుటములలో నిజముగనే మాంత్రికులు, మంత్రములు కలవు. ఖత్రీ మాయను ఉంచి, మంత్రమును తొలగించెను. రాతికొంగ మ్రింగుటకు కారణము నేలలో దాచిన యంత్రరచన యని తుదకు తేలును. భయముతో మొదలైన పఠనము కారణాన్వేషణగా పరిణమించుట ఈ నవలల ప్రత్యేకత.

చంద్రకాంత నాలుగు భాగములతో ముగిసినను, పాఠకుల ఆకలి తీరలేదు. నాయికానాయకుల పుత్రులైన ఇంద్రజిత్తు, ఆనందసింహుల కథగా చంద్రకాంతా సంతతి 1894లో ప్రారంభమై, సుమారు పది సంవత్సరములు సాగి, 24 భాగములకు పెరిగినది. ప్రతి భాగమును ఒక చిక్కుముడితో ఆగును. తరువాతి భాగము వచ్చువరకు పాఠకులు వేచియుండవలసినదే. పుస్తకములమీది రాబడి ఖత్రీని స్వతంత్రుని చేసినది. 1898లో ఆయన కాశీలో లహరీ ముద్రణాలయమును నెలకొల్పెను. మాధవప్రసాద మిశ్రుని సంపాదకత్వమున 1900లో వెలువడిన సుదర్శనమను మాసపత్రిక అచటనే అచ్చయ్యెను. నరేంద్రమోహిని, కుసుమకుమారి, కాజర్ కీ కోఠరీ మొదలగు నవలలను సైతము ఆయన రచించెను.

కీర్తితో పాటు ఆక్షేపణలును వచ్చినవి. ఇట్టి సంఘటనలు లోకమున సంభవించునా యని కొందరు ప్రశ్నించిరి. యంత్రములచే సాధ్యము కాదగినవానినే తాను వర్ణించితినని ఖత్రీ సమాధానమిచ్చెను. భాష విషయమునను విమర్శలు రాకపోలేదు. ఆయన వాక్యములలో సంస్కృతపదముల బరువు లేదు. నిత్యవ్యవహారములోని ఉర్దూ పదములు స్వేచ్ఛగా దొరలును. నిఘంటువు తెరువనక్కరలేని భాషతో మొదలిడి, పాఠకుని క్రమముగా హిందీకి అలవాటు చేయుట ఆయన యుద్దేశము. ఉపాధ్యాయులకు ఈ పద్ధతి క్రొత్తది కాదు. తెలిసినదానినుండి తెలియనిదానికి నడిపించుట బోధనకు మొదటి మెట్టు గదా!

సంతతిలోని భూతనాథుడను ఐయారు తన పూర్వపాపముల నీడలో సంచరించు విచిత్రపాత్ర. అతని కథను ప్రత్యేకముగా వ్రాయుటకు ఖత్రీ 1907లో పూనుకొనెను. ఆరు భాగములు పూర్తియైన పిమ్మట, 1913 ఆగస్టు 1వ తేదీన ఆయన మరణించెను. తక్కిన భాగములను ఆయన కుమారుడు దుర్గాప్రసాద ఖత్రీ రచించి, తండ్రి విడిచిన కథను ముగించెను.

1929లో ఆచార్య రామచంద్ర శుక్లుడు తన హిందీ సాహిత్యచరిత్రలో ఈ నవలలను తూచెను. వీనియందు సంఘటనల పరంపరయే గాని రసపోషణము, పాత్రచిత్రణము లేవనియు, అందుచేత ఇవి ఉత్తమ సాహిత్యకోటిలోనికి రావనియు ఆయన తీర్పు. అయినను హిందీకి ఇంతమంది పాఠకులను సంపాదించి యిచ్చిన గ్రంథకర్త వేరొకడు లేడనియు, ఉర్దూ మాత్రమే తెలిసిన అసంఖ్యాకులు చంద్రకాంతకొరకే హిందీ నేర్చిరనియు ఆ విమర్శకుడే అంగీకరించెను. వీనిని చదివి రచనకు పూనుకొన్న యువకుల ప్రసక్తియు ఆ చరిత్రలో కలదు.

శుక్లుని తీర్పులో న్యాయము లేకపోలేదు. వీరేంద్రుని శౌర్యము, చంద్రకాంత సౌందర్యము ఆదినుండి తుదివరకు ఒకే తీరున నుండును. వారి హృదయములోని సంఘర్షణ మనకు కానరాదు. మలుపులలో కాకతాళీయములు మెండు. అయినను చపల, భూతనాథుడు వంటి పాత్రలు ఆ తీర్పునకు పూర్తిగా లొంగవు. అంతకుమించి, చదువరి లేనిచోట ఉత్తమ సాహిత్యము సైతము అటకమీది తాళపత్రమే. ఖత్రీ పాఠకులను సిద్ధపరచిన కొలది కాలమునకే ప్రేమచంద్ ఉర్దూనుండి హిందీకి వచ్చి, రైతుల, దరిద్రుల జీవితమును నవలగా మలచెను. ఆ గంభీర రచనలను అందుకొనిన చేతులలో అనేకము మొదట చంద్రకాంతను పట్టినవే.

1994లో దూరదర్శన్‌లో చంద్రకాంత ధారావాహికగా ప్రసారమైనప్పుడు, మూలకథ చాలవరకు మారినను, ఖత్రీ పేరు దేశమంతట మరల వినవచ్చెను. బడిలో విద్యార్థి చేతిలో మాయల మర్మముల పుస్తకము కనబడినప్పుడు దానిని లాగికొనుటకు తొందరపడు పెద్దలు ఖత్రీ పాఠకులను ఒకపరి తలచుకొనవలెను. వారు వినోదము కోరి ఒక లిపిని నేర్చిరి. ఆ లిపితో తరువాత ఏమి చదువవలెనో చూపు బాధ్యత గురువులది.