పదవీ విరమణ తర్వాత పిల్లల చెంతకు – లార్డ్ బేడెన్ పావెల్

1910లో ఒక సైనికాధికారి 53వ ఏట పదవీ విరమణ చేశారు. లెఫ్టినెంట్ జనరల్ హోదా, దేశమంతటా తెలిసిన పేరు, ఇంకా పై పదవులు అందుకోగల వయసు. అయినా కొలువు వదిలి పిల్లల పని నెత్తికెత్తుకున్నారు. ఆయనే స్కౌట్ ఉద్యమ స్థాపకులు రాబర్ట్ బేడెన్ పావెల్. మనలో బడి రోజుల్లో మెడకు స్కార్ఫు కట్టుకుని ఎడమచేత్తో కరచాలనం చేసినవారు కొందరైనా ఉంటారు గనుక, ఆయన జీవితం ఈ ప్రత్యేక సంచికలో ఒకసారి తలచుకుందాం.

ఆయన 1857 ఫిబ్రవరి 22న లండన్‌లో జన్మించారు. తండ్రి ఆక్స్‌ఫర్డ్‌లో ఆచార్యులు. కొడుక్కి మూడేళ్ళప్పుడే కన్నుమూశారు. ఇంటెడు పిల్లల్ని తల్లి ఒక్కతే పెంచి పెద్ద చేసింది. బడి వెనుక చిట్టడవిలో ఉపాధ్యాయుల కంటపడకుండా తిరగడమే ఆయనకు అసలు చదువు. 1876లో సైన్యంలో చేరి మన దేశం వచ్చారు.

పేరు తెచ్చింది దక్షిణాఫ్రికాలోని మెఫెకింగ్. 1899-1900లో బోయర్లు ఆ ఊరిని 217 రోజులు ముట్టడించగా, ఆయన కాపాడి నిలబెట్టారు. తిండి పంపకంలో తెల్లవారికీ ఆఫ్రికన్లకూ తేడా చూపారనీ, నల్లవారు ఆకలితో అలమటించారనీ చరిత్రకారులు తప్పుపట్టారు. గొప్పవారి జీవితం రాసేటప్పుడు ఇలాంటివి దాచకూడదని నా అభిప్రాయం. ఆ ముట్టడిలోనే ఊరి కుర్రవాళ్ళు జాబులు చేరవేయడం, కావలి కాయడం చేశారు. పిల్లలను నమ్మి బాధ్యత అప్పగిస్తే మోయగలరన్నది అక్కడ ఆయన కళ్ళారా చూసిన సంగతి.

1907 ఆగస్టులో బ్రౌన్‌సీ దీవిలో ఇరవై మంది వరకు బాలురతో డేరాలు వేశారు. కలవారి బిడ్డలూ, కార్మికుల బిడ్డలూ కలిసే పడుకున్నారు, కలిసే తిన్నారు. మరుసటి ఏడు పుస్తకం వెలువడింది. ఉద్యమం దేశాలు దాటింది.

అక్కడ వచ్చింది చిక్కు. అన్న స్కౌటయితే ఎనిమిదేళ్ళ తమ్ముడు ఇంట్లో ఊరుకుంటాడా? నేనూ వస్తానని పేచీ. కొన్ని దళాలు చిన్నవాళ్ళనూ చేర్చుకున్నాయి. నడకలో వెనుకబడేవారు, పెద్దవాళ్ళు విసుక్కునేవారు. పెద్దల చొక్కాను కత్తిరించి పసివాడికి తొడిగినట్లు కాక, వారి ఈడుకు తగిన ఆటే వేరుగా ఉండాలని ఆయన తలచారు. 1914లో మొదలైన ప్రయత్నం 1916లో ఉల్ఫ్ కబ్స్‌గా, అంటే తోడేలు పిల్లలుగా, రూపుదాల్చింది. కిప్లింగ్ అనుమతితో మౌగ్లీ కథను ఆధారం చేసుకున్నారు. వెరా బార్క్‌లే అనే ఆమె ఆ పనిలో కుడిభుజమై నిలిచారు. అప్పటికి ఆయన ఇంట్లోనే మూడేళ్ళ కొడుకు, ఏడాది దాటిన కూతురు!

పద్ధతి తేలికైనది. ఆరుగురు పిల్లలు ఒక జట్టు, వారిలో ఒకడు సిక్సర్. కొన్ని జట్లు కలిస్తే ప్యాక్. నడిపే పెద్దమనిషి పేరు అకేలా. అందరూ గుండ్రంగా కూర్చుని, ఒక్క గొంతుతో అరిచి అకేలాకు స్వాగతం చెబుతారు. తాడుతో ముడులు వేయడం, వంగినవాడి మీదుగా దూకడం, బంతి విసరడం, గడియారం చూసి టైము చెప్పడం, పళ్ళూ గోళ్ళూ శుభ్రంగా ఉంచుకోవడం, ఇవే అప్పటి పరీక్షలు. నెగ్గితే టోపీకి ఒక నక్షత్రం, తర్వాత రెండోది ఇచ్చేవారు. తోడేలు పిల్ల రెండు కళ్ళూ తెరిచిందని అర్థం. మొదటి రావాలన్న నియమం లేదు. చేతనైనంత చేస్తే చాలు. రోజూ ఎవరికో ఒకరికి ఒక మేలు చేయాలి. అది చాలావరకు ఇంట్లోనే జరుగుతుంది గనుక అమ్మానాన్నలకూ, తాతయ్యలకూ ఇందులో పాలుంది. మనవడు అడగకుండానే కళ్ళజోడు తెచ్చి ఇచ్చాడంటే మేలు లెక్కలోకి వచ్చినట్లే.

ఆయన 1921లోనూ, 1937లోనూ మన దేశం వచ్చారు. అనీబిసెంట్ మద్రాసులో నెలకొల్పిన భారతీయ స్కౌట్ సంఘం 1921లోనే ఆయన సంఘంలో కలిసింది. విడివిడిగా ఉన్న సంఘాలు 1950లో భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్‌గా ఒకటయ్యాయి. అందులో చిన్న బాలురు కబ్‌లు, చిన్న బాలికలు బుల్‌బుల్‌లు.

55వ ఏట, 1912లో, తన పుట్టినరోజునే పుట్టిన 23 ఏళ్ళ ఓలేవ్‌ను పెళ్ళాడారు. 1938లో ఇద్దరూ కెన్యాలోని న్యేరిలో చిన్న ఇంట స్థిరపడ్డారు. 1941 జనవరి 8న ఆయన అక్కడే కన్నుమూశారు. సమాధి రాతిపై ఒక వలయం, దాని నడుమ చుక్క చెక్కారు. స్కౌట్లు దారిలో వదిలే గుర్తు అది. ఇంటికి వెళ్ళిపోయానని అర్థం. 1977లో ఇంగ్లండులో మరణించిన ఓలేవ్ చితాభస్మాన్ని కూడా అక్కడికే తీసుకువెళ్ళి ఆయన చెంతనే ఉంచారు.