పక్కన కూర్చున్న ఫిడేలు నాయుడు గారు

ఆఫర్ లెటర్ వచ్చింది. ఇంట్లో స్వీట్లు పంచారు. తీరా చేరాక చూస్తే మీ పోస్టు పేరులో ‘సపోర్ట్’ అని ఉంది. మీతోపాటు చదివినవాళ్లు డెవలపర్లు, మీరేమో సపోర్ట్. మీలో చాలామందికి ఇది త్వరలోనే ఎదురవుతుంది. నాకూ ఎదురైంది. రాజమండ్రిలో ఇంజినీరింగ్ ముగించి ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాదంతా, వేరేవాళ్లు రాసిన కోడ్ రాత్రిళ్లు పడిపోకుండా కాపలా కాశాను. ఏం చేస్తున్నావురా అని బంధువులు అడిగితే మాట మార్చేసేవాణ్ని. ఆ నైట్ షిఫ్టుల్లో నిద్ర రాకుండా ఏదో ఒకటి వింటుంటే, యూట్యూబ్‌లో ఓ పాత గ్రామఫోను రికార్డు తగిలింది. గరగరల మధ్యలోంచి ఒక ఫిడేలు. వాయిస్తున్నది ద్వారం వెంకటస్వామి నాయుడు.

మాది కోనసీమ. చిన్నప్పుడు అమ్మమ్మగారి ఊళ్లో శ్రీరామనవమి పందిట్లో హరికథలు విన్నాను. బ్యానరు మీద హరిదాసు పేరు ఇంతేసి అక్షరాలతో ఉండేది. పక్కన కూర్చుని ఫిడేలు వాయించేవాయన పేరు ఎక్కడా ఉండేది కాదు. ఆయన పేరేంటో మా ఊళ్లో ఎవరికీ తెలిసేది కాదు. పక్కవాద్యం అంటే అంతే కదా అనుకునేవాళ్లం. ఈ పక్కవాద్యం సంగతి కొంచెం అర్థమైతేనే నాయుడు గారి జీవితం అర్థమవుతుంది.

అసలు ఫిడేలు మనది కాదు. 1800 ప్రాంతంలో మద్రాసులో ఆంగ్లేయుల బ్యాండ్లలో వాయించేవాళ్లు. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు దాన్ని ఓ ఐరోపా సంగీతకారుడి దగ్గర నేర్చుకుని మన కచేరీలోకి తెచ్చారు. తెచ్చినదాన్ని ఉన్నదున్నట్టు వాడలేదు, ‘సెట్టింగ్స్’ మార్చారు. పాశ్చాత్యులు నిలబడో, కుర్చీలో కూర్చునో వాయిస్తారు. మనవాళ్లు నేలమీద కూర్చుని, ఫిడేలు కొసను కుడికాలి మడమ దగ్గర ఆనించి వాయిస్తారు. అలా ఆనిస్తే ఎడమచెయ్యి బరువు మోయక్కర్లేదు, తీగ మీద స్వేచ్ఛగా జారుతుంది. నాలుగు తీగల్నీ స-ప-స-ప అని శ్రుతి చేసుకున్నారు. గాయకుడి శ్రుతి ఎంతుంటే అంతకు దించుకున్నారు. పైగా ఫిడేలుకి వీణలాగా మెట్లు లేవు. రెండు స్వరాల మధ్య గొంతు ఎలా ఊగుతుందో, వేలు కూడా అలాగే ఊగొచ్చు. అందుకే గమకం పలికింది, అందుకే అది మనదైపోయింది.

ఇలాంటి కథ మన ఒక్కళ్లదే అనుకోకండి. ఐర్లాండు జానపద సంగీతంలో పాతకాలం నుంచీ ఉన్నది ఒంటి వరస మాత్రమే, మన రాగంలాగే. అందులోకి గిటార్ ఈమధ్య కాలంలో, ముఖ్యంగా 1960లు, 70ల్లో తోడు వాయిద్యంగా వచ్చింది. మామూలు శ్రుతిలో గిటార్ తీగలు కార్డ్ పట్టాయంటే గాంధారం ఏదో ముందే తేల్చేస్తాయి, పాట దానికి కట్టుబడాల్సి వస్తుంది. బోతీ బ్యాండ్ గిటారిస్టు మీహాల్ ఓ డోనెల్ లాంటివాళ్లు తీగల్ని డి-ఎ-డి-జి-ఎ-డి అని వేరేగా బిగించుకున్నారు. మన లెక్కలో చెప్పాలంటే స-ప-స-మ-ప-స. గాంధారం ఊసే లేదు! అంటే ఆ నిర్ణయాన్ని పాటకే వదిలేశారన్నమాట. మన స-ప-స-ప పక్కన పెట్టి చూడండి. ఎక్కడి ఐర్లాండు, ఎక్కడి మద్రాసు, తోడుగా వచ్చిన పరాయి వాయిద్యం రెండుచోట్లా దాదాపు ఒకే పని చేసింది. నాకైతే ఇది తెలిసిన రోజు మంచి బగ్ ఫిక్స్ దొరికినంత సంబరమేసింది.

ఇక నాయుడు గారి దగ్గరికి వద్దాం. ఆయన 1893 నవంబరు 8న బెంగళూరులో పుట్టారు. తండ్రి సైన్యంలో పనిచేసేవారు. పెరిగింది విశాఖపట్నంలో. చిన్నతనం నుంచే చూపు చాలా తక్కువ. బోర్డు మీద రాసింది కనపడని పిల్లాడికి ఆ రోజుల్లో బడిలో చోటెక్కడిది? చదువు ఆగిపోయింది. అన్నగారు వెంకటకృష్ణయ్య ఫిడేలు విద్వాంసులు. తమ్ముడి చేతికి కమాను ఇచ్చింది ఆయనే. కళ్లు చెయ్యాల్సిన పని కూడా చెవులు చెయ్యడం అక్కడ మొదలైంది.

మీకు బాగా నచ్చే ఘట్టం ఇది. 1919లో విజయనగరం మహారాజా సంగీత కళాశాల పెట్టారు. ఆస్థానోద్యోగి ఒకరి అంధ కుమారుడికి సంగీతం నేర్పించడం కోసమే ఆ ఆలోచన పుట్టిందని చెబుతారు. మొదటి ప్రిన్సిపాల్ హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు. నాయుడు గారు అక్కడికి విద్యార్థిగా చేరదామని వెళ్లారట. ఆయన వాయించింది విని, చేర్చుకోవాల్సింది విద్యార్థిగా కాదని వాళ్లకి అర్థమైందట. ఏకంగా ఫిడేలు ఆచార్యుడి ఉద్యోగం ఇచ్చారు. అప్పటికి ఆయన వయసు ఇరవై ఆరేళ్ల ప్రాంతం. బడి చదువు సగంలో ఆగింది, చేతిలో సర్టిఫికెట్ లేదు. ఉన్నదల్లా అన్నగారి పాఠం, ఏళ్ల తరబడి సాధన. రెజ్యూమెలు మార్చి మార్చి రాసుకునే మనకి ఇది కొంచెం ఈర్ష్య పుట్టించే ఇంటర్వ్యూనే.

ఉద్యోగం పాఠం చెప్పడమైతే, కచేరీల్లో పని మాత్రం పక్కవాద్యం. అదెంత కష్టమో చూడండి. చేతిలో రాసిపెట్టిన కాగితం ఉండదు. ముందుగా రిహార్సల్ ఉండదు. గాయకుడు ఏ రాగం ఎత్తుకుంటాడో చాలాసార్లు వేదిక మీదే తెలుస్తుంది. ఆలాపన సాగుతుంటే ఫిడేలు నీడలా అర అడుగు వెనక నడవాలి. ముందుకెళితే గాయకుడి ఆలోచన చెడుతుంది, బాగా వెనకబడితే సభకి చిరాకు. గాయకుడు ఆగగానే అదే రాగాన్ని తన వంతుగా వాయించాలి. అది బాగుండాలి, కానీ గాయకుణ్ని చిన్నబుచ్చకూడదు. కల్పన స్వరాల్లో ఆయన విసిరిన లెక్కకి అక్కడికక్కడే జవాబు ఇవ్వాలి. లైవ్ సర్వర్ మీద కోడ్ మార్చడం కష్టమంటాం కదా, వీళ్లది రోజూ అదే.

అప్పట్లో ఇంకో చిక్కు ఉండేది. మైకులు లేవు. ఫిడేలు నాదం వెనక వరసల దాకా చేరేది కాదు. మైసూరు చౌడయ్య దీనికో హార్డ్‌వేర్ పరిష్కారం కనిపెట్టారు. నాలుగు తీగల్ని ఏడు చేసి నాదం పెంచారు. నాయుడు గారు నాలుగు తీగలతోనే ఉండి కమాను మీద పనిచేశారు. పాశ్చాత్యుల ఫిడేలును కూడా శ్రద్ధగా విని, పొడవాటి కమాను లాగుడు తన చేతికి తెచ్చుకున్నారు. తెగకుండా సాగే నాదం, గొంతులో ఊపిరిలా. నేను విన్న ఆ రికార్డులో ఆశ్చర్యపరిచింది వేగం కాదు, ఆ తేటదనం. వాయిస్తున్నట్టు కాదు, ఎవరో మెల్లగా పాడుతున్నట్టు ఉంటుంది. ఎవరి శైలి గొప్ప అని ఇప్పటికీ వాదించుకుంటారు. నా ఓటు నాయుడు గారికి, తెలుగువాడని కాదు సుమా.

ఇన్నేళ్లు గొంతుల్ని వెంబడించిన ఫిడేలుకి చివరికి గొంతే అబ్బింది. ఇక గాయకుడు పక్కన లేకపోయినా కచేరీ నిలబడుతుంది. 1938లో వేలూరులో ఆయన సోలో కచేరీ చేశారు. కర్ణాటక సంగీతంలో ఫిడేలును వేదిక మధ్యలో కూర్చోబెట్టిన తొలి కచేరీగా దాన్ని చెబుతారు. అంతకు రెండేళ్ల ముందే, 1936లో, నారాయణదాసు గారి తర్వాత కళాశాల ప్రిన్సిపాల్ అయ్యారు. 1941లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి ఇచ్చింది. 1953లో సంగీత నాటక అకాడమీ అవార్డు, 1957లో పద్మశ్రీ. ప్రపంచమంతా ఎరిగిన ఫిడేలు విద్వాంసుడు యెహూదీ మెనూహిన్ 1952లో మద్రాసు వచ్చినప్పుడు, మన తెలుగువారే అయిన జస్టిస్ రాజమన్నార్ ఇంట్లో ప్రత్యేకంగా నాయుడు గారి ఫిడేలు విన్నారు. ఏ దేశం నుంచి ఆ వాయిద్యం వచ్చిందో, ఆ దేశాల సంగీతంలో పండిపోయినవాడు ఇక్కడ కూర్చుని వినడం! ఆ గదిలో ఓ మూల నేనూ ఉండి ఉంటే బావుండేదనిపిస్తుంది.

అయినా ఆయన పక్కవాద్యాన్ని తక్కువ పనిగా చూసి వదిలెయ్యలేదు. మధ్యలో కూర్చునే స్థాయి వచ్చాక కూడా పెద్ద గాయకుల పక్కన కూర్చుని వాయించారు. పాఠం చెప్పడమూ మానలేదు. ఘంటసాల విజయనగరంలో చదువుకున్నప్పుడు ఆ కళాశాల ప్రిన్సిపాల్ ఈయనే. పి.సుశీల అక్కడే ద్వారం భావనారాయణరావు దగ్గర నేర్చుకున్నారు. ఆయన నాయుడు గారి అబ్బాయి. మీ ఇంట్లో ఏ ఆదివారం రేడియోలో పాత పాట వచ్చినా, దాని వెనక ఆ కళాశాల గోడలు ఎంతో కొంత ఉంటాయి.

1964 నవంబరు 25న నాయుడు గారు కన్నుమూశారు. శతజయంతికి, 1993లో, తపాలాశాఖ స్టాంపు వేసింది.

ఆయన పోయిన నాలుగేళ్లు దాటాక మా గోదావరి ప్రాంతంలోనే, పాలకొల్లులో, ఇంకో పిల్లాడు పుట్టాడు. యు.శ్రీనివాస్. అతని చేతికొచ్చింది మాండొలిన్, మెట్లున్న పరాయి వాయిద్యం. గురువు రుద్రరాజు సుబ్బరాజుకి మాండొలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లాడు ఆ పాటను తీగల మీద వెతుక్కునేవాడు. గొంతు ముందు, వాయిద్యం అర అడుగు వెనక. రాత్రి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఒకసారి నాయుడు గారి రికార్డు, వెంటనే శ్రీనివాస్ రికార్డు వినండి. రెండింట్లోనూ కళ్లు మూసుకుంటే ముందు వినపడేది ఎవరో పాడుతున్న గొంతే.