సుర్ఖ్‌బాదా పొట్టన పెట్టుకున్న బిడ్డ
(డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు గారి జీవితం)

డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు చెప్పగానే చదువుకున్నవారు ఒకటి రెండు మందుల పేర్లు చెబుతారు. ఆయన ఇంట జరిగిన ఒక చావు సంగతి మాత్రం తెలిసినవారు తక్కువ. 1922లో ఆయన పై చదువుకని ఓడ ఎక్కి అమెరికా పోయినారు. భార్య శేషగిరి గారు ఇక్కడే ఉండిపోయినారు. ఆ తరువాత ఆమెకు మగబిడ్డ పుట్టినాడు. ఏడాది నిండకముందే ఆ బిడ్డ ఒక చర్మవ్యాధితో పోయినాడు. తండ్రి బిడ్డ ముఖం చూడనే లేదు.

ఆ వ్యాధిని డాక్టర్లు ఎరిసిపెలస్ అంటారు. ఆయుర్వేదంలో విసర్పం. మన ఇళ్ళలో పెద్దవాళ్ళు, యునానీ హకీములు చెప్పే పేరు సుర్ఖ్‌బాదా. ఈ సంచికలో సుబ్బారావు గారి జీవితం రాయాలని మేము అనుకోవడానికి ఆయన కీర్తి ఒక కారణం. రెండో కారణం ఈ జబ్బు. ఇది ఇప్పుడు పూర్తిగా నయమయ్యే జబ్బే. అయినా దాన్ని గుర్తించవలసింది మొదట ఇంట్లో ఉన్న తల్లి, నానమ్మ, అమ్మమ్మ. వాళ్ళు గుర్తించకపోతే ఎంత గొప్ప మందైనా అంగడి బీరువాలోనే ఉంటుంది.

సుబ్బారావు గారు 1895 జనవరి 12వ తేదీన భీమవరంలో పుట్టినారు. తండ్రి జగన్నాథం గారు రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. జబ్బు వల్ల ఉద్యోగం ముందుగానే మానుకోవలసి వచ్చింది. ఇల్లు గడవడం కష్టం. పదమూడేళ్ళ వయసులో ఈ కుర్రవాడు కాశీలో యాత్రికులకు అరటిపండ్లు అమ్మి డబ్బు గడిస్తానని ఇల్లు విడిచి పారిపోయినాడు. దారిలోనే పట్టి వెనక్కు తెచ్చినారు. తల్లి వెంకమ్మ గారు పట్టు విడవలేదు, చదువు మానడానికి ఒప్పుకోలేదు. మెట్రిక్యులేషను రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసు హిందూ హైస్కూలు నుంచి గట్టెక్కినారు. పరీక్ష తప్పిన పిల్లవాణ్ణి ఇక వీడికి చదువు రాదు పొమ్మనే తల్లిదండ్రులను మేము పాఠశాలలో ఏటేటా చూస్తాం. వాళ్ళకు ఈ సంగతి చెప్పుతుంటాం.

ఆ తరువాత మద్రాసు వైద్య కళాశాలలో చేరినారు. ఖర్చులో మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు ఆదుకున్నారు. పెళ్ళి 1919లో అయింది. అవి గాంధీ గారి పిలుపుతో దేశమంతా కదులుతున్న రోజులు. ఈయన ఆపరేషను గదికి ఖద్దరు కోటు వేసుకొని పోయేవారు. అది ఆంగ్లేయ శస్త్రచికిత్స ప్రొఫెసరుకు నచ్చలేదు. ఫలితంగా చేతికి వచ్చింది ఎం.బి.బి.ఎస్. కాదు, దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టా. ఆ పట్టాతో సర్కారు వైద్య ఉద్యోగం దొరకక, మద్రాసులో ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రం చెప్పుకొన్నారు.

ఆ రోజుల్లోనే ఇంటిమీద దెబ్బ మీద దెబ్బ పడింది. స్ప్రూ అనే జబ్బుతో ఇద్దరు సోదరులు కొద్దిరోజుల తేడాలో పోయినారు. తిన్నది ఒంటికి పట్టక, విరేచనాలతో, నాలుక పుండై, రక్తం విరిగి మనిషి ఎండిపోయే జబ్బు అది. సుబ్బారావు గారికీ వచ్చింది. లక్ష్మీపతి గారి వైద్యంతో బతికి బయటపడినారు. అల్లోపతి చదివినవాడు ఆయుర్వేదంతో బతికినాడు గనుక, మందు ఎక్కడ ఉన్నా దాని సారం పట్టుకోవాలనే పట్టుదల ఆయనలో కుదిరిందని మాకు తోస్తుంది.

కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ, మామగారు ఇచ్చిన సాయంతో 1922 అక్టోబరులో బోస్టన్ చేరినారు. హార్వర్డులో ఉష్ణమండల వ్యాధుల చదువు. ఇక్కడి పట్టా అక్కడ చెల్లదు కాబట్టి డాక్టరు పని దొరకలేదు. ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టరుగా చేరి రోగుల మలమూత్రాల పళ్ళాలు మోసి పొట్ట పోసుకున్నారు. బిడ్డ చావు కబురు ఆయనకు చేరింది ఆ పరదేశంలోనే.

ఇక్కడ కథ కొంచెంసేపు ఆపి ఆ జబ్బు ఏమిటో చెప్పవలసి ఉంది.

సుర్ఖ్‌బాదా స్ట్రెప్టోకాకస్ అనే సూక్ష్మజీవి వల్ల వస్తుంది. గాలి సోకో, నజర్ తగిలో వచ్చేది కాదు. ఆ క్రిమి లోపలికి పోవడానికి సూది మొన అంత సందు చాలు. చంటిబిడ్డకు సరిగా ఆరని బొడ్డు, పుట్టువెంట్రుకలు తీసేటప్పుడు తగిలిన కత్తి గాటు, చెవులు కుట్టిన రంధ్రం, సున్తీ పుండు, గజ్జి గోకిన గాయం, వీటిలో ఏదైనా దానికి దారే. ముందు జ్వరం, చలి. ఆ తరువాత ముఖం మీదో కాలి మీదో చర్మం ఎర్రబడి, ఉబ్బి, నున్నగా మెరుస్తుంది. అంచు గట్టులాగ తేలి ఉంటుంది, వేలితో తడిమితే తెలుస్తుంది. గంట గంటకూ ఆ గట్టు ముందుకు జరుగుతుంది.

సుర్ఖ్ అంటే ఎరుపు. ఈ పేరే మనలను మోసం చేస్తుంది. తెల్లని బిడ్డకు ఎరుపు కనిపిస్తుంది గాని చామనచాయ, నల్లని బిడ్డలకు అంతగా కనిపించదు. ఒక్కోసారి వంకాయ రంగుగా, ఒక్కోసారి ఉత్త నలుపుగానే ఉంటుంది. కాబట్టి రంగు చూసి ఊరుకోకుండా మన అరచేతి వెనుక భాగం ఆనించి చూడాలి. పక్క చర్మం కంటె వేడిగా ఉందా, బిగుసుకుందా, తాకితే బిడ్డ ఏడుస్తోందా అని గమనించాలి. పాలు తాగకుండా మగతగా పడి ఉంటే ఇక రాత్రి తెల్లవారనివ్వకూడదు. పెన్నుతో ఆ అంచు చుట్టూ ఒక గీత గీసి బిడ్డను ఆసుపత్రికి ఎత్తుకుపోతే, డాక్టరుకు ఆ గీత దాటి ఎంత పాకిందో వెంటనే తెలుస్తుంది.

మన సరిహద్దు పల్లెల్లో ఇటువంటిది ఏది కనిపించినా అక్కి అని చెప్పి కుమ్మరి చేత ఎర్రమన్ను రాయించే అలవాటు ఉంది. మా ఇళ్ళలో దమ్ చేయించి తావీజు కట్టించేవాళ్ళూ ఉన్నారు. దుఆ చేయవద్దని ఎవరూ చెప్పరు. కాని ఆ మన్ను పూత మాత్రం వద్దు. డాక్టరు చూడవలసిన అంచును అదే కప్పేస్తుంది.

1920 ప్రాంతాలలో ఈ జబ్బుకు నిజమైన మందే లేదు. సల్ఫా మందులు 1935 తరువాత వచ్చినాయి, పెనిసిలిన్ జనానికి అందింది 1940 తరువాత. కాబట్టి సుబ్బారావు గారి బిడ్డ విషయంలో ఎవరినీ తప్పుపట్టడానికి లేదు. ఈనాడు పెనిసిలిన్ జాతి మందుతో రెండు మూడు రోజుల్లోనే గుణం కనిపిస్తుంది, చంటిబిడ్డను మాత్రం ఆసుపత్రిలో చేర్చుకొని సూదిమందు ఇస్తారు. ఈనాటి తప్పు మాత్రం ఆలస్యం చేసినవారిదే.

మళ్ళీ బోస్టనుకు వద్దాం. సుబ్బారావు గారు హార్వర్డు జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్క్ అనే ఆచార్యుని దగ్గర చేరినారు. రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంత ఉందో కొలిచే పద్ధతిని 1925లో ఇద్దరూ కలిసి వెలువరించినారు. ప్రపంచమంతటా ప్రయోగశాలల్లో అది ఇద్దరి పేర్లతో చెల్లింది. కండరంలో ఉండే ఫాస్ఫోక్రియేటిన్‌ను 1927లో, కణాలకు శక్తినిచ్చే ఏ.టి.పి.ని 1929లో లోకానికి చూపించినారు. అయినా హార్వర్డు ఆయనకు శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో న్యూయార్కు దగ్గర పర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లే మందుల కంపెనీకి పోయి, పరిశోధనలకు డైరెక్టరైనారు. ఆయన చేతికింద జరిగిన పనిని ఎనిమిదేళ్ళలో ఒక మనిషి నడిపినాడంటే నమ్మడం కష్టం.

మొదటిది ఫోలిక్ ఆసిడ్. 1945లో లెడర్లేవారు దాన్ని ప్రయోగశాలలో తయారుచేసినారు. సోదరులను తీసుకుపోయిన స్ప్రూకు అది పనిచేస్తుందని త్వరలోనే తేలింది. ఈనాడు మన ఊరి గర్భిణీ స్త్రీలకు సర్కారు ఆసుపత్రిలో ఇనుముతో కలిపి ఇచ్చే మాత్రలో ఉండేది ఈ ఫోలిక్ ఆసిడే.

దానికి ఎదురు మందులు కూడా అదే చోట పుట్టినాయి. ఎమినాప్టెరిన్ అనే మందును బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో డాక్టరు సిడ్నీ ఫార్బర్ రక్త కాన్సరు వచ్చిన పిల్లలకు ఇచ్చినారు. పదహారు మందిలో పదిమందికి గుణం కనిపించిందని 1948 జూన్‌లో ప్రకటించినారు. ఆ గుణం కొంతకాలమే నిలిచింది గాని, అంతకు ముందు ఆ పిల్లలకు ఆ కొంతకాలం కూడా లేదు. ఆ జబ్బుకూ చర్మం మీద ఒక ఆనవాలు ఉంది. సూదితో పొడిచినట్లు చిన్న చిన్న ఎర్రచుక్కలు వస్తాయి. గాజు గ్లాసు ఒత్తి చూస్తే మామూలు దద్దురు తెల్లబడుతుంది, ఇవి మాయం కావు. డెంగీలోనూ ఇలా రావచ్చు. ఏదైనా సరే, ఒత్తినా పోని చుక్కలుంటే ఆనాడే రక్తపరీక్ష చేయించాలి.

ఆ ఎమినాప్టెరిన్ సొరియాసిస్ అనే పొట్టు రాలే చర్మవ్యాధికి కూడా పనిచేస్తుందని 1951లో ఒక అమెరికా డాక్టరు రాసినారు. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్‌ను ముదిరిన సొరియాసిస్‌కు ఈనాటికీ ఇస్తున్నారు, అవసరమైతే పిల్లలకు కూడా. అది వారానికి ఒక్కసారి వేసుకొనే మాత్ర. రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. దాని పక్కన డాక్టరు మరో మాత్ర రాస్తారు, అది ఫోలిక్ ఆసిడ్. ఒకే ప్రయోగశాలలో పుట్టిన విషమూ విరుగుడూ ఒకే చీటీలో ఉంటాయి. బోదకాలు క్రిమికి హెట్రజాన్ అనే మందు కూడా 1947లో అక్కడినుంచే వచ్చింది.

ఇక ఆరియోమైసిన్. బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు డెబ్బై దాటి, విశ్వవిద్యాలయం నుంచి రిటైరైన తరువాత లెడర్లేలో చేరినాడు. పలు ప్రాంతాల మట్టి తెప్పించి అందులోని బూజులను పరీక్షించే పని అప్పగించినారు. మిసోరీ రాష్ట్రంలోని ఒక వ్యవసాయ క్షేత్రం మట్టిలో, 1945లో, బంగారు రంగు బూజు దొరికింది. దాని నుంచి తీసిన మందు పెనిసిలిన్ లొంగదీయలేని క్రిములను కూడా లొంగదీసింది. టెట్రాసైక్లిన్ వంశానికి ఇది మొదటి బిడ్డ. చచ్చిపోయిన కొడుకు కోసమే సుబ్బారావు గారు ఈ మందు వెదికించినారంటే కథ బాగుంటుంది, మేము అంతదూరం పోము. సుర్ఖ్‌బాదాకు అప్పటికే పెనిసిలిన్ ఉంది. మట్టి నుంచి మందు వస్తుందని నమ్మి, ముసలి ఆచార్యుడికి చోటిచ్చి, ఏళ్ళ తరబడి ఖర్చు భరించే పనిని ఆయన నిలబెట్టినారు, అంతవరకు నిజం.

ఆ వంశంలోని డాక్సీసైక్లిన్ ఈనాడు మన యువతీ యువకులకు బాగా తెలిసినదే. ముదిరిన మొటిమలకు చర్మ డాక్టర్లు కొన్ని వారాలపాటు ఇస్తారు, పూతమందుతో కలిపి. ఎనిమిదేళ్ళ లోపు పిల్లలకు, గర్భిణీలకు ఈ జాతి మందులు మామూలుగా ఇవ్వరు, పిల్లల పళ్ళు శాశ్వతంగా మచ్చపడతాయి. అన్నకు రాసిన మాత్ర తమ్ముడికి వేయడం కొన్ని ఇళ్ళలో ఉంది, అది మానుకోవాలి.

మొటిమలకూ, దాద్ అనే తామరకూ అంగట్లో అడిగి తెచ్చుకొనే క్రీముల సంగతి ఇంకా ఘోరం. వాటిలో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. రెండు రోజుల్లో దురద చల్లబడుతుంది, కాని తామర చర్మం కింద దాగి రెట్టింపై పైకి వస్తుంది. ముఖానికి పూస్తే తోలు పలుచబడి, మొటిమలు ఎక్కువై, క్రీము మానగానే మంట. డాక్టరు చీటీ లేకుండా ఈ క్రీములు అమ్మకూడదని 2018లో కేంద్ర ప్రభుత్వం నియమం బిగించింది. నియమం కాగితం మీద ఉంది, ట్యూబు పిల్ల చేతిలో ఉంది. గజ్జి విషయంలో ఒక్క మాట. పర్మెత్రిన్ పూతను ఇంట్లో ఒక్కరికి పూసి లాభం లేదు. ఇంటిల్లిపాదీ ఒకే రాత్రి మెడ నుంచి పాదాల దాకా పూసుకొని, పక్కబట్టలు వేడినీళ్ళలో ఉతికి, వారానికి మరోసారి పూయాలి. చంటిబిడ్డకు తలకూ పూయాలి, అయితే డాక్టరును అడిగి. గోకిన గజ్జి పుండే సుర్ఖ్‌బాదా క్రిమికి తలుపు తెరుస్తుంది, ఆ క్రిమి వల్ల తరువాత మూత్రపిండాలు వాచిన పిల్లలూ ఉన్నారు.

సుబ్బారావు గారు ప్రచారానికి దూరంగా ఉండేవారు. సహచరుల పేర్లను ముందుకు తోసి, తాను వెనుక నిలిచేవారు. అమెరికాలో పాతికేళ్ళు పైబడి ఉన్నా ఆ దేశ పౌరసత్వం పుచ్చుకోలేదు. తిరిగి స్వదేశం రానూలేదు. 1948 జూలైలో ఆరియోమైసిన్ సంగతి న్యూయార్కులో శాస్త్రజ్ఞుల సభలో వెల్లడైంది. ఆగస్టులో ఒక ఉదయం ఆయన ఇంట్లో నిద్రలోనే పోయి ఉన్నారు. వయసు యాభై మూడు. 1922లో సాగనంపిన భర్తను శేషగిరి గారు మళ్ళీ చూడలేదు.

లెడర్లే శాస్త్రజ్ఞుడొకరు 1953లో ఒక కొత్త బూజుకు ఆయన పేరు కలిపి సుబ్బరోమైసిస్ అని పెట్టినారు. భారత తపాలా శాఖ ఆయన శతజయంతికి, 1995లో, ఆయన బొమ్మతో స్టాంపు వేసింది.